'మైదాన్' ముగిసిన చోట మొదలయ్యే హీరో... హబీబ్!

'మైదాన్' చూశారా? 2024 ఏప్రిల్‌లో వచ్చిన హిందీ సినిమా. అజయ్ దేవగణ్ హీరో, మన ప్రియమణి ఆయన భార్య వేషం, ఎ.ఆర్. రెహమాన్ సంగీతం, బోనీకపూర్ నిర్మాత. తీసింది బొంబాయి వాళ్ళే అయినా కథకు పుట్టిల్లు మాత్రం మన హైదరాబాదే సుమా! సయ్యద్ అబ్దుల్ రహీం అనే ఒక మాస్టారు భారతదేశం ఫుట్‌బాల్ జట్టుకు కోచ్ అయ్యి, 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చిపెట్టిన కథ. క్లైమాక్స్‌లో దక్షిణ కొరియా మీద 2-1తో గెలుపు. ఒక పక్క క్యాన్సర్ తినేస్తున్నా మైదానం వదలని కోచ్. 1963 జూన్ 11న ఆయన కన్నుమూశారు. సినిమా అయిపోయింది, హాల్లో లైట్లు వెలిగాయి.

నాకు మాత్రం అసలు సినిమా అప్పుడే మొదలైందనిపించింది. ఎందుకంటారా? రహీం సాబ్ పోయిన ఆ జూన్ నెలలో ఇదే ఊళ్ళో పద్నాలుగేళ్ళైనా నిండని ఒక కుర్రాడు బంతి వెంట పరుగులు తీస్తున్నాడు. పేరు మహమ్మద్ హబీబ్. పుట్టింది 1949 జూలై 17న. ఆ ఇంట్లో అన్నదమ్ములకు అందరికీ ఫుట్‌బాల్ పిచ్చే! ఈ కుర్రాడే తర్వాత కలకత్తా మహానగరాన్ని పదిహేడేళ్ళపాటు ఊపేశాడు. సాక్షాత్తూ పీలే ఆడుతున్న జట్టు మీద గోలు కొట్టాడు. ఇంకో గొప్ప సంగతి ఉంది, అది నెమ్మదిగా చెబుతాను.

ముందు పాతబస్తీ సంగతి చెప్పాలి. చార్మినార్, గాజులు, బిర్యానీ అంటే మీకందరికీ తెలుసు. 'ఒక్కడు' సినిమాకి వేసిన చార్మినార్ సెట్టూ తెలుసు. కానీ ఇది ఒకప్పుడు ఫుట్‌బాల్ బస్తీ అంటే ఎంతమంది నమ్ముతారు? బార్కస్ ఉంది కదా, నిజాం కొలువులో పనిచేసిన అరబ్బు సిపాయిల బ్యారక్స్ కాస్తా జనం నోట్లో నలిగి బార్కస్ అయింది. అక్కడ ఈనాటికీ పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతూ కనిపిస్తారు. మూసీ ఒడ్డున సిటీ కాలేజీ ఉంది, ఆ కాలేజీ కుర్రాళ్ళ పేరు చెబితే ఒకనాడు ఊళ్ళో మిగతా జట్లకు గుండె దడ. ఇక హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు! రహీం సాబ్ శిక్షణలో 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు ఎగరేసుకొచ్చింది. ఐదేళ్ళు వరుసగా అంటే మన భాషలో ఒకే హీరోకి ఐదు సిల్వర్ జూబిలీలన్నమాట.

'పోలీస్' అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. ఆ రోజుల్లో మన దేశంలో ఫుట్‌బాల్ ఆడితే జీతం రాదు. నౌకరీ వస్తుంది. పోలీసులోనో, రైల్వేలోనో, కస్టమ్స్‌లోనో, బ్యాంకులోనో పేరు రాసుకుంటారు. పొద్దున హాజరు, సాయంత్రం ఆట. కాలు విరిగినా నెల తిరిగేసరికి జీతం చేతికొస్తుంది. సిటీ కాలేజీ దగ్గర ఒక ఇరానీ హోటల్లో పాతకాలపు ఆటగాడొకాయన నాతో చాయ్ తాగుతూ చెప్పారు - "మా అబ్బా ఒకటే మాట అనేటోడు బేటా. బంతి తంతే నౌకరీ వస్తది, నౌకరీ వస్తే పెళ్ళయితది. మేమందరం గట్లనే ఆడినం."

"మరి హబీబ్, చాచా?" అన్నాను.

ఆయన ఉస్మానియా బిస్కెట్ సాసర్‌లో ముంచి, "హబీబ్ భాయ్‌ది వేరే కత. ఆయన నౌకరీ నక్కో అన్నడు. బంతినే పెళ్ళాడిండు" అన్నారు.

నేను ఇందాక దాచిపెట్టిన సంగతి ఇదే! హబీబ్‌ని మన దేశపు తొలి సిసలైన ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆటగాడని అంటారు. ఉద్యోగాలు రాక కాదు, వచ్చినవి వద్దనుకున్నాడు. క్లబ్బు ఇచ్చే డబ్బుతోనే బతికాడు. ఇప్పటి ఐ.పి.ఎల్. కుర్రాళ్ళకు ఇది ఏమంత విశేషం అనిపించదు. కానీ 1960ల్లో ఒక హైదరాబాదీ ఇంటి కుర్రాడు పర్మినెంట్ నౌకరీ కాదని "నా కాళ్ళే నా జీతం" అనడం ఎలాంటిదంటే... గుమాస్తా ఉద్యోగం వదిలి మద్రాసు రైలెక్కి పాండీ బజారులో నిలబడ్డ మన పాతకాలపు నటుల్ని తలుచుకోండి. అంత తెగింపు! ఒక్క మోకాలు పోతే ఏ బ్యాంకూ ఆదుకోదు, ఏ పెన్షనూ రాదు.

1966లో ఈస్ట్ బెంగాల్ క్లబ్బు పిలిచింది. హబీబ్ కలకత్తా వెళ్ళాడు. అప్పటికి పదిహేడేళ్ళు.

కలకత్తా ఫుట్‌బాల్ అంటే ఏమిటో మన వాళ్ళకు చెప్పాలంటే సినిమా భాషే సులువు. ఒకే పండక్కి ఎన్టీఆర్ సినిమా, ఏఎన్నార్ సినిమా ఎదురెదురు హాళ్ళలో రిలీజయ్యాయనుకోండి. ఆ గొడవ ఏడాది పొడుగునా సాగితే అదే కలకత్తా! ఒక పక్క మోహన్ బగాన్, ఒక పక్క ఈస్ట్ బెంగాల్. తూర్పు బెంగాల్ నుంచి కట్టుబట్టలతో వచ్చిన కుటుంబాల వాళ్ళకు ఈస్ట్ బెంగాల్ ప్రాణం. పాతకాపులకు మోహన్ బగాన్ ప్రాణం. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే బజార్లో ఇలిష్ చేప ధర పెరుగుతుంది (ఇలిష్ అంటే మరేం కాదు, మన గోదావరి పులసే!). మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యల ధర పెరుగుతుంది. ఇక మూడోది మహమ్మడన్ స్పోర్టింగ్. సీజను ముందు ఆటగాళ్ళను అవతలి క్లబ్బు ఎత్తుకుపోకుండా దాచిపెట్టిన కథలు అక్కడ కోకొల్లలు. మన విఠలాచార్య గారు తీసి ఉంటే రెండు రీళ్ళు దానికే పోయేవి!

హబీబ్ ఈ మూడు క్లబ్బులకూ ఆడాడు. ఒక్కసారి కాదు, అటూ ఇటూ తిరిగి తిరిగి ఆడాడు. 1970ల మొదట్లో ఈస్ట్ బెంగాల్‌కు స్వర్ణయుగం నడిచినప్పుడు అక్కడున్నాడు. 1970లో ఐ.ఎఫ్.ఎ. షీల్డు ఫైనల్లో ఆ క్లబ్బు ఇరాన్ నుంచి వచ్చిన పాస్ టెహరాన్‌ని ఓడించింది. తర్వాత 1975లో మహమ్మడన్, 1976లో మోహన్ బగాన్. ఇలా పార్టీలు మారినవాడిని అక్కడి అభిమానులు బతకనిస్తారా అని మీకు అనుమానం రావచ్చు. బతకనివ్వడమే కాదు, 'బడే మియా' అని పిలుచుకుని నెత్తిన పెట్టుకున్నారు. ఎందుకంటే ఏ చొక్కా తొడుక్కుంటే ఆ చొక్కా కోసం ప్రాణం పెట్టి ఆడతాడని అందరికీ తెలుసు. డబ్బు తీసుకుని ఆడేవాడికి విశ్వాసం ఉండదనే వాళ్ళకు హబీబ్ కెరీరే జవాబు. నా మట్టుకు నాకు, జీతం కోసం ఆడినవాడే ఆటను ఎక్కువ గౌరవించాడనిపిస్తుంది. వేళకు నిద్ర, వేళకు తిండి, ఒళ్ళు దగ్గర పెట్టుకోవడం, ఇవన్నీ అతనికి వ్రతం కాదు, వృత్తి!

భారీ విగ్రహం కాదు. అయినా పెనాల్టీ ఏరియాలో తనకంటే తలెత్తున్న డిఫెండర్ల మధ్యకు దూరేవాడు. బంతి పోతే వెనక్కి పరుగెత్తి తనే లాక్కొచ్చేవాడు. గోలు కొట్టడమే కాదు, కొట్టించడమూ తెలిసినవాడు.

దానికి సాక్ష్యం కావాలా? 1976 జూలై 24. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ పోటీ. రెఫరీ విజిల్ ఊదాడు. పక్క నుంచి ఉలగనాథన్ బంతిని సెంటర్‌లోకి ఎత్తాడు. హబీబ్ తలతో దాన్ని తమ్ముడి ముందుకు దించాడు. ఆ తమ్ముడి పేరు అక్బర్, మన హైదరాబాద్ అక్బరే. తన్నాడు... గోల్! ఎంత సేపట్లో అనుకున్నారు? పదిహేడు సెకన్లు! జేబులో టిక్కెట్టు ముక్క పెట్టుకుని సీటు వెతుక్కుంటున్నవాడికి ఆ గోలు కనిపించనే లేదు. ఆ మ్యాచి 1-0తోనే ముగిసింది. పాతబస్తీలో మ్యాట్నీకి వెళ్ళేవాళ్ళకు ఈ బాధ తెలుసు, పేర్లు పడేటప్పుడే హీరో ఎంట్రీ అయిపోయినట్టు!

ఇక పీలే రీలు. 1977 సెప్టెంబరు 24, కలకత్తా ఈడెన్ గార్డెన్స్. అమెరికా నుంచి న్యూయార్క్ కాస్మాస్ వచ్చింది. లక్షల డాలర్లు పోసి కొన్న తారలు అందులో ఉన్నారు. పీలే, బ్రెజిల్ కెప్టెన్‌గా 1970 ప్రపంచ కప్పు ఎత్తిన కార్లోస్ ఆల్బెర్టో, ఇటలీ ఆటగాడు కినాగ్లియా. మల్టీస్టారర్ అంటే ఇదీ! పైగా పీలే ఆటకు సెలవు చెప్పడానికి ఇంకా వారమే ఉంది. ఆ ఆఖరి మ్యాచి అక్టోబరు 1న జరిగింది. వాన పడి కలకత్తా మైదానమంతా చిత్తడి. మోహన్ బగాన్ కోచ్ పి.కె. బెనర్జీ. జకార్తాలో రహీం సాబ్ జట్టు తరఫున ఫైనల్లో గోలు కొట్టిన ఆ పి.కె.నే! చూశారా, 'మైదాన్' కథ ఇక్కడికి ఎలా వచ్చి కలిసిందో.

కార్లోస్ ఆల్బెర్టో గోలు కొట్టి కాస్మాస్‌ని ముందు నిలిపాడు. శ్యామ్ థాపా సమం చేశాడు. ఆ తర్వాత హబీబ్! 2-1. ఈడెన్ గార్డెన్స్ ఎలా ఊగిపోయి ఉంటుందో ఊహించుకోండి. చివర్లో కినాగ్లియా పెనాల్టీతో 2-2 అయ్యింది గానీ, లేకపోతే పీలే జట్టు కలకత్తాలో ఓడి వెళ్ళేదే. మ్యాచి ముందు జట్టులో మిగతావాళ్ళు పీలే పీలే అని కలవరిస్తుంటే హబీబ్ మాత్రం వాళ్ళను కసిరాడనీ, ఆయనా ఆటగాడే మనమూ ఆటగాళ్ళమే అన్న ధోరణిలో దిగాడనీ కలకత్తాలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆట ఆడి తిండి తినేవాడి చూపు అది. ఎదురుగా ఉన్నది దేవుడు కాదు, ఇంకో పనివాడు! అదే ఏడాది మోహన్ బగాన్ ఐ.ఎఫ్.ఎ. షీల్డు, రోవర్స్, డ్యూరాండ్ మూడూ గెలిచింది. 

దేశం తరఫున కూడా ఆడాడు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో మన జట్టుకు కాంస్యం వచ్చింది, కెప్టెన్ మరో హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్. ఫుట్‌బాల్‌లో ఆ తర్వాత ఆసియా క్రీడల పతకం ఇప్పటిదాకా లేదు. 1980లో హబీబ్‌కి అర్జున అవార్డు ఇచ్చారు. ఆట మానేశాక జంషెడ్‌పూర్‌లో టాటా ఫుట్‌బాల్ అకాడెమీలోనూ, హల్దియాలోనూ పిల్లలకు నేర్పాడు.

ఇంతకూ హైదరాబాద్‌కి ఏం మిగిలింది? ఒకటి చెబుతాను, కోపం తెచ్చుకోకండి. మన ఊరు ఆటగాళ్ళను కన్నది, కలకత్తా పెంచుకుంది. తులసీదాస్ బలరాం, హబీబ్, అక్బర్, షబ్బీర్ అలీ, అందరూ ఆ రైలే ఎక్కారు. ఇక్కడ నౌకరీ ఉంది గానీ డబ్బిచ్చే క్లబ్బు లేదు. 2019లో హైదరాబాద్ ఎఫ్.సి. వచ్చి, 2022 మార్చిలో ఐ.ఎస్.ఎల్. కప్పు కూడా గెలిచింది. సంతోషించే లోపే 2025లో ఢిల్లీకి తరలిపోయింది.

చార్మినార్ దగ్గర బైకుల మీద కూర్చున్న పదిమంది కుర్రాళ్ళను అడిగాను, "హబీబ్ ఎవరో తెలుసా?" అని. మెస్సీ తెలుసు, రొనాల్డో తెలుసు, వాళ్ళ హెయిర్ కట్టింగులతో సహా తెలుసు. హబీబ్ అంటే ఒకడు "ఏ హోటల్ ఓనరన్నా?" అన్నాడు. వాడి తప్పేం లేదు. ఎవరు చూపించారు గనక?

2023లో ఫిబ్రవరి 16న తులసీదాస్ బలరాం పోయారు, కలకత్తాలో. అదే ఏడాది ఆగస్టు 15న హబీబ్ పోయారు, ఇక్కడ మన హైదరాబాద్‌లో. 74 ఏళ్ళు. చివరి రోజుల్లో పార్కిన్సన్స్ జబ్బు, మతిమరుపు. పీలే ఎదుట వణకని మనిషిని అది వణికించింది.

బెంగాలీలు 1971లోనే ఉత్తమ్ కుమార్‌తో 'ధన్యి మెయే' అని ఫుట్‌బాల్ సినిమా తీసేసుకున్నారు. మనం రగ్బీ మీద 'సై' తీశాం, కబడ్డీ మీద తీశాం, క్రికెట్ మీద 'జెర్సీ' తీశాం. బాగున్నాయి. హబీబ్ మీద తీస్తే? డైరెక్టరు గారికి ఒక్క మనవి. హీరోకి ఆరడుగుల ఎత్తు అక్కర్లేదు, సిక్స్ ప్యాక్ అంతకన్నా అక్కర్లేదు. డూపు లేకుండా బురదలో పరుగెత్తగలిగితే చాలు. తమ్ముడు అక్బర్ వేషానికి కూడా మంచి నటుణ్ణే పెట్టాలి. పదిహేడు సెకన్ల షాట్ స్లో మోషన్‌లో సాగదీయకుండా సరిగ్గా పదిహేడు సెకన్లే ఉండాలి. హబీబ్‌గా ఎవరు బాగుంటారో మీరు రాయండి, నా మనసులో ఒక పేరుంది గానీ ఇప్పుడే చెప్పను!