నోరు కట్టుకున్న తండ్రి

ఇచ్ఛాపురం దాటి వచ్చిన బాహుదా నది డొంకూరు పరిసరాల్లో సముద్రంలో కలుస్తుంది. తీపి నీరూ ఉప్పు నీరూ అటూ ఇటూ ఊగే ఇలాంటి మొగల్లో, వాటి ముందరి సముద్రంలో తిరిగే చేప జెల్ల. పొడుగాటి మీసాలు, పొలుసుల్లేని నున్నటి ఒళ్లు, గుచ్చుకుంటే ప్రాణం తోడేసే ముల్లు. వల విదిల్చేటప్పుడు దాన్ని ఒడుపుగా పట్టుకోవాలి. చూపుకి మొరటుదే. కానీ చేపల్లో దానంత తండ్రి అరుదు.

ఆడది పెట్టిన గుడ్లను మగ జెల్ల నోట్లోకి తీసుకుంటుంది. ఒక్కో గుడ్డూ గోళీకాయంత, సెంటీమీటరు పైమాటే. అందుకే లక్షల్లో పెట్టదు, పదుల్లోనే పెడుతుంది. గుడ్డు పగిలి, పిల్ల పొట్ట కింది సొనసంచి కరిగేదాకా, వారాల తరబడి, తండ్రి మేత ముట్టదు. రొయ్యపిల్ల కళ్లెదుటే ఈదుతున్నా నోరు కట్టుకునే ఉంటుంది.

ఇదే తపస్సును గాజుతొట్టిలో చూడాలంటే బోర్నియో అడవి బెట్టాలను పెంచాలి. దుకాణాల్లో సీసాల్లో అమ్మే ఫైటర్ చేపకు ఇవి దాయాదులు. ఫైటర్ నీటిపై నురగ గూడు కడుతుంది. వీటికి తండ్రి నోరే గూడు. 1994లో శాస్త్రజ్ఞులు పేరు పెట్టిన బెట్టా ఆల్బిమార్జినాటా అలాంటిదే. వేలెడంత కూడా ఉండదు. మగదానికి ఇటుక ఎరుపు ఒళ్లు, నల్లటి రెక్కలకు తెల్లటి అంచు.

జతకట్టేటప్పుడు మగది ఆడదాన్ని చుట్టేస్తుంది. రాలిన గుడ్లు మగదాని కింది రెక్క మీద ఆగుతాయి. ఆడది వాటిని ఏరి, మగదాని ముఖం మీదికి ఉమ్ముతుంది. అది అందుకుంటుంది. జారితే మళ్లీ ఏరుతుంది, మళ్లీ ఉమ్ముతుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడాలు ఎంతసేపు చూసినా తనివి తీరదు. ఆ తర్వాత గొంతు ఉబ్బిన మగది ఆకుల చాటుకు చేరుతుంది.

వీటికి మెత్తటి, కాస్త ఆమ్లగుణమున్న నీరు కావాలి. ఆ ఆమ్లగుణం కోసం పెంపకందార్లు వాడేది ఎండిన బాదం ఆకు. మన ఉద్దానం పెరళ్లలో రోజూ ఊడ్చి పారేసే నాటు బాదం ఆకే! తొట్టికి మూత గట్టిగా ఉండాలి. ఇవి ఎగిరి దూకుతాయి. పైకొచ్చి గాలి పీల్చే చేపలు కనుక మూత కింద గాలి వెచ్చగా, తేమగా ఉండటమూ ముఖ్యమే. బెదిరిన తండ్రి గుడ్లు మింగేస్తుంది. అందుకే అది గుడ్లు మోసే రెండు మూడు వారాలు వెలుతురు తగ్గించి, తొట్టిలో చెయ్యి పెట్టకుండా ఓపిక పట్టాలి.

సముద్రంలో జెల్లకు ఆ చాటు లేదు. గుడ్లు మోసే మగవి గుంపుగా తిరుగుతుంటే ఒక్క వలకే చిక్కుతాయి. ఊపిరాడక నోరు తెరిస్తే గుడ్లు పడవలో దొర్లుతాయి. 1980ల్లో కర్ణాటక తీరంలో మందను చుట్టేసే పర్సీను వలలకు ఇలాంటి తండ్రుల మందలే పడ్డాయి. ఆ తర్వాత అక్కడ జెల్లల రాబడి పడిపోయింది. మన తీరంలో మరపడవల వేటకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల విరామం ఉంది. మిగతా రోజుల్లో గొంతు ఉబ్బిన జెల్ల చిక్కితే, ప్రాణం ఉండగానే నీళ్లలోకి వదిలేయండి.