మోకాలి ఆపరేషన్, గుండె సంగతి

మందిరం మెట్లు మళ్లీ ఎక్కాలని మోకాలి మార్పిడి చేయించుకునే పెద్దలు మన సంఘాల్లో ఎందరో. వారికోసం మనం చేసే ప్రార్థన మోకాలి దగ్గరే ఆగిపోతోంది. ఆపరేషన్ ఒత్తిడి, రక్తం పోవడం, బీపీ పడిపోవడం గుండె కండరాన్నీ దెబ్బతీయవచ్చు. గుండెకు సంబంధించని ఆపరేషన్లు చేయించుకున్న 15,065 మందిపై 2014లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనంలో 8 శాతం మందికి ఇలా జరిగింది. వారిలో 84 శాతం మందికి ఛాతీనొప్పి లాంటి లక్షణాలే లేవు. నొప్పి తగ్గించే మందుల ప్రభావంలో ఉన్నవారికి ఎలా తెలుస్తుంది? ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష దాన్ని పట్టిస్తుంది. షుగరు, బీపీ, గుండెజబ్బు ఉన్నవారు దాని గురించి డాక్టరును ముందే అడగాలి. దేవుడే చూసుకుంటాడని పాత జబ్బు దాచడాన్ని మేము విశ్వాసం అనలేం. పరామర్శకు వెళ్లినవారు రోగిలో ఆయాసం, గుండెదడ గమనిస్తే ప్రార్థన ముగిసేదాకా ఆగకుండా నర్సును పిలవండి.