కొట్టు మూసే ముందే అప్పు సంగతి తేల్చుకోవాలి

సరుకుల చీటీ పట్టుకుని కిరాణా కొట్టుకి వెళ్లే అలవాటు నగరాల్లో తగ్గుతోంది. పాలూ పప్పూ ఫోన్‌లో అడిగితే గుమ్మంలోకొస్తున్నాయి. బేరాలు పడిపోయిన యజమాని చాలాసార్లు చేసే పని, కొత్త అప్పు తెచ్చి పాత అప్పుకి వడ్డీ కట్టడం. ఇది సీజన్ మారితే సర్దుకునే మాంద్యం కాదు. కాబట్టి ఇల్లూ బంగారమూ మిగిలుండగానే బాకీల లెక్క తేల్చుకోవడం మేలు.

దివాలా అనగానే 2016 నాటి కోడ్ గుర్తొస్తుంది. అది ముఖ్యంగా కంపెనీలకి అక్కరకొచ్చింది. 2021లో చిన్న కంపెనీలకి ప్రీ-ప్యాక్ పద్ధతి కూడా తెచ్చారు. వ్యాపారం యజమాని చేతిలోనే ఉంచి, అప్పిచ్చినవాళ్లతో ముందుగా ఒప్పందానికి రావచ్చు. మన వీధి కొట్లు కంపెనీలు కావు, సొంత పేరు మీదో భాగస్వామ్యంలోనో నడిచేవి. అలాంటి వ్యక్తుల కోసం కోడ్‌లో రాసిన భాగాన్ని, కంపెనీ అప్పులకి హామీ ఉన్నవాళ్లకి తప్ప, అమల్లోకి తేలేదు. వాళ్లకి దిక్కు 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే. అందులో ఐపీ (దివాలా పిటిషన్) పెట్టడానికి కావలసిన కనీస బాకీ 500 రూపాయలు! నూరేళ్లు దాటిన చట్టంతో నేటి వ్యాపారిని గట్టెక్కించాలనుకోవడం ప్రభుత్వాల నిర్లక్ష్యమే. అయినా అది పనికిరానిది కాదు. ఆస్తి కోర్టు అధీనంలోకి వెళ్లి అప్పులవాళ్లకి పంపకమవుతుంది. విముక్తి ఉత్తర్వు వస్తే మిగిలిన బాకీలు చాలావరకు పోతాయి. సర్కారు బకాయిలూ మోసంతో తెచ్చిన అప్పులూ మాత్రం పోవు. తాకట్టు పెట్టించుకున్న బ్యాంకు హక్కు చెక్కుచెదరదు. హామీ సంతకం చేసిన బావమరిదికీ విముక్తి రాదు.

ఐపీ అంటే అప్పులవాళ్లని ముంచడమేగా అంటారు. అలా వాడుకున్నవాళ్లు లేకపోలేదు. కానీ దివాలా పిటిషన్ వేయడానికి ముందు రెండేళ్లలో ఊరికే భార్య పేరున రాసేసిన ఆస్తిని కోర్టు వెనక్కి లాగగలదు. లెక్కలు దాస్తే జైలుశిక్ష ఉంది. నిజాయితీగా వెళ్తే గొడవ చేసేవాడికే ముందు ముట్టకుండా అందరికీ వాటా దక్కుతుంది.

ఐపీ దాకా పోకుండా బ్యాంకుతో మాట్లాడే వీలుంది. 25 కోట్లలోపు అప్పున్న చిన్న పరిశ్రమల ఖాతా మొండిబాకీ కాకముందే సరిచేయాలని రిజర్వు బ్యాంకు 2016లో విధానం పెట్టింది. చిన్న బేకరీ, ప్రింటింగ్ ప్రెస్ వంటివాళ్లు దాన్ని అడగొచ్చు. దుకాణదారులకి 2021 నుంచి చిన్న సంస్థల ఉద్యమ్ నమోదు ఇస్తున్నా దాని ఫలితం ప్రాధాన్య రుణాల వరకే. కాబట్టి వాళ్లు వాయిదాల సవరణో ఒకేసారి సెటిల్‌మెంటో రాతపూర్వకంగా కోరాలి. బ్యాంకు దిగిరాకపోతే లోక్ అదాలత్‌లో కోర్టు ఫీజు లేకుండా రాజీకి ప్రయత్నించవచ్చు. ఇంకో అప్పుకి ఇంట్లోవాళ్ల చేత సంతకం పెట్టించే ముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్లి సలహా అడగండి.