తండ్రి దోషం బిడ్డది కాదు

వాకాడు తీరంలో పడవ దారి తప్పితే చుక్కాని పట్టినవాణ్ని అడుగుతాం. లోపల కూర్చున్న పసివాణ్ని అడగం. దుర్బోధకుల పిల్లల విషయంలో మాత్రం ఈ న్యాయం మరచిపోతాం.

అమెరికాకు చెందిన జిమ్ జోన్స్ 'పీపుల్స్ టెంపుల్' స్థాపించి, చివరికి తానే దేవుణ్నని చెప్పుకున్నాడు. అనుచరులు అతణ్ని 'నాన్నా' అని పిలిచేవారు. 1978 నవంబరు 18న గయానా దేశంలో అతని ఆజ్ఞతో 900 మందికి పైగా మరణించారు. వారిలో సుమారు 300 మంది పిల్లలు. 19 ఏళ్ల కుమారుడు స్టీఫన్, బాస్కెట్‌బాల్ జట్టుతో రాజధాని జార్జ్‌టౌన్‌లో ఉన్నందున బతికాడు. తల్లిదండ్రులిద్దరినీ ఒక్కరోజే పోగొట్టుకున్నాడు. ఊరందరికీ నాన్న అనిపించుకున్నవాడు కన్నబిడ్డకు మిగిల్చింది ఆ పేరు మోసే భారమే.

కోరహు మోషేపై తిరుగుబాటు చేసి నశించాడు. కానీ అతని కుమారులు బతికారని సంఖ్యాకాండము 26:11 తెలుపుతోంది. ఆ కుమారుల పేరిట కీర్తనలే ఉన్నాయి! తండ్రి దోషం కుమారునిది కాదని యెహెజ్కేలు 18వ అధ్యాయమూ బోధిస్తోంది.

అలాంటి బిడ్డ మన మందిరం గడప తొక్కితే 'ఫలానావాడి కొడుకు' అని గుసగుసలాడుకోవద్దు. పేరుపెట్టి పిలుద్దాం, పక్కన చోటిద్దాం. ప్రార్థనలో 'తండ్రీ' అనే మాట అతని గొంతు దాటకపోవచ్చు. తొందరపెట్టవద్దు. సేవకులమైన మేమూ, మా ఇంట్లో పిల్లల ముందు దేవుని స్థానంలో కూర్చుంటున్నామేమో పరీక్షించుకోవాలి.