నాలుగు చక్రాల బండి మలుపు తిరిగిన కథ

రథోత్సవం చూసినవాళ్లకు తెలుసు, తిన్నటి వీధిలో రథాన్ని లాగడం ఒక ఎత్తు, మూల మలుపులో తిప్పడం ఒక ఎత్తు. చక్రాల కింద చెక్క దిమ్మెలు పెట్టి, తాళ్లు పక్కకు లాగి, కొంచెం కొంచెంగా జరుపుతారు. బరువు ఒక్కటే కాదు దానికి కారణం. రథానికి రెండు ఇరుసులుంటే రెండూ కదలకుండా బిగించినవే. ముందుకో వెనక్కో దొర్లడం తప్ప ఆ చక్రాలకు వేరే దారి లేదు. తిప్పాలంటే అవి నేలను ఒరుసుకుంటూ పక్కకు జారాల్సిందే.

జట్కాకు ఈ బాధ లేదు. ఒకే ఇరుసు, రెండు చక్రాలు. గుర్రం ఎటు తిరిగితే బండీ అటే. లోపలి చక్రం నిదానంగా, బయటి చక్రం కాస్త వేగంగా తిరుగుతాయి, అంతే. 1834లో జోసెఫ్ హాన్సమ్ అనే ఆర్కిటెక్ట్ పేటెంట్ తీసుకున్న హాన్సమ్ క్యాబ్ కూడా రెండు చక్రాలదే. లండన్ ఇరుకు సందుల్లో అది అంత చలాకీగా తిరిగిందంటే సగం ఘనత ఆ ఒంటి ఇరుసుదే.

చిక్కంతా నాలుగు చక్రాలు కావాలన్నవాళ్లకు. పాఠం మధ్యలో బగ్గీ బొమ్మ చూపిస్తే ఒక అమ్మాయి అడిగింది: "ముందు చక్రాలు చిన్నగా ఎందుకున్నాయి సార్?" 2024 గణతంత్ర దినోత్సవాన రాష్ట్రపతి బగ్గీలో వచ్చినప్పుడు టీవీలో చాలామంది చూసే ఉంటారు గానీ, ఆ ప్రశ్న నన్ను అంతకు ముందెవరూ అడగలేదు. అందం కోసం కాదు. పెద్ద చక్రం గుంతల్ని తేలిగ్గా దాటుతుంది, లాగడానికీ సులువు. నాలుగూ పెద్దవైతేనే గుర్రానికి సుఖం. అయినా ముందువి చిన్నవి చేయక తప్పలేదు.

పాత పద్ధతిలో ముందు ఇరుసు మొత్తం ఒకే ముక్క. దాన్ని సరిగ్గా నడిమధ్యన నిలువు శీలతో బండికి తగిలిస్తారు. పైన గుండ్రటి ఇనుప పళ్లేలు ఒకదానిమీద ఒకటి జారుతుంటాయి. గుర్రాల మధ్య సాగే నొగ ఆ ఇరుసుకే బిగించి ఉంటుంది. గుర్రాలు కుడికి తిరిగితే నొగ, దాంతో ఇరుసు, దాంతో చక్రాలు తిరుగుతాయి. అప్పుడు కుడి చక్రం వెనక్కి వచ్చి బండి పొట్ట కిందికి దూరాలి. పెద్దదైతే కొట్టుకుంటుంది. అందుకే చిన్న చక్రం, లేదా పైకి కోసిన పొట్ట. 1838లో లార్డ్ బ్రూమ్ కోసం చేసిన బ్రూమ్ బండిని పక్కనుంచి చూస్తే ముందు భాగంలో ఆ కోత స్పష్టంగా కనిపిస్తుంది.

ఈ పద్ధతిలో ప్రమాదమూ ఉంది. ఇరుసు బాగా అడ్డం తిరిగిందంటే ముందు చక్రాలు రెండూ బండి మధ్యగీత మీదికి వచ్చేస్తాయి. నాలుగు మూలల ఆధారం కాస్తా మూడు మూలలది అవుతుంది. వేగంగా తిప్పితే బోల్తా.

ఇది బాగా తెలిసిన మనిషి లిచ్‌ఫీల్డ్ డాక్టరు ఎరాస్మస్ డార్విన్. పరిణామ సిద్ధాంతం చెప్పిన చార్లెస్ డార్విన్‌కు తాత. రోగుల కోసం ఏడాది పొడవునా ఇంగ్లండ్ గతుకుల రోడ్ల మీద తిరిగేవాడు. 1768లో, తానే రూపొందించుకున్న బండిలోంచి పడి మోకాలి చిప్ప విరగ్గొట్టుకుని, ఆ తర్వాత జీవితమంతా కుంటుతూనే నడిచాడు. దానికి దాదాపు పదేళ్ల ముందే ఆయనకు ఒక ఆలోచన వచ్చింది: ఇరుసును తిప్పడమెందుకు? ఇరుసును బండికే బిగించేసి, రెండు కొసల్లో మాత్రం పొట్టి ఇరుసు ముక్కల్ని, గుమ్మానికి తలుపు రెక్కల్లా, మడిచేలా పెడితే చాలదా?

అక్కడే అసలు రుచి మొదలవుతుంది. రెండు చక్రాలూ ఒకే కోణంలో తిరిగితే పని జరగదు. మలుపులో నాలుగు చక్రాలూ ఒకే కేంద్రం చుట్టూ తిరగాలి. ప్రతి చక్రం ఇరుసు దిశలో ఒక గీత గీస్తే ఆ గీతలన్నీ ఆ కేంద్రంలోనే కలవాలి. వెనుక ఇరుసు కదలదు కనుక కేంద్రం దాని గీత మీదే ఎక్కడో ఉంటుంది. లోపలి చక్రం ఆ కేంద్రానికి దగ్గర, కాబట్టి అది ఎక్కువ తిరగాలి. ముందు వెనుక ఇరుసుల మధ్య 2.5 మీటర్లు, చక్రాల మధ్య 1.4 మీటర్లు ఉన్న బండి 5 మీటర్ల వ్యాసార్ధంతో తిరిగితే లోపలి చక్రం 30 డిగ్రీలు, బయటిది 24 డిగ్రీలు మళ్లాలి. ఆ ఆరు డిగ్రీలు కుదరకపోతే ఏదో ఒక చక్రం రథం చక్రంలా నేలను రాసుకోక తప్పదు.

మరి ఒకే పట్టీతో రెండు చక్రాల్ని కలిపి, ఒకదాన్ని ఎక్కువ, ఒకదాన్ని తక్కువ తిప్పడం ఎలా? అట్టముక్కలతో చేసి చూడండి. అట్ట మీద 14 సెంటీమీటర్ల దూరంలో రెండు గుండుసూదులు గుచ్చండి. ఒక్కోదానికి 3 సెంటీమీటర్ల చేయి వెనక్కి తగిలించి, రెండు చేతుల కొసల్నీ ఇంకో అట్టపట్టీతో కలపండి. ఆ పట్టీ కూడా 14 సెంటీమీటర్లే అయితే రెండు చేతులూ సమానంగా తిరుగుతాయి, లాభం లేదు. పట్టీని 12.4కు కత్తిరించండి. చేతులు రెండూ కాస్త లోపలికి వాలతాయి. ఇప్పుడు లోపలి వైపు చేతిని 30 డిగ్రీలు తిప్పితే బయటిది దాదాపు 25 దగ్గరే ఆగుతుంది! పళ్లచక్రం లేదు, గొలుసు లేదు. కేవలం ఒక పట్టీ పొడవు తగ్గించినందుకు లెక్క కుదిరింది. సరిగ్గా 24 కాదు గానీ రోడ్డు మీద ఆ తేడా పట్టింపులోకి రాదు. ఇంత పొదుపైన యంత్రభాగాలు నాకు తెలిసి చాలా తక్కువ.

డార్విన్ పేటెంట్ తీసుకోలేదు. మ్యూనిక్‌లో రాజుగారి బండ్లు చేసే గెయోర్గ్ లాంకెన్‌స్పెర్గర్ అదే దారిని మళ్లీ కనుగొన్నాడు. లండన్‌లో అతని తరఫున 1818లో పేటెంట్ తీసుకున్నది రుడాల్ఫ్ ఆకర్‌మన్, జర్మనీ నుంచి వచ్చి స్థిరపడిన బండి డిజైనరు, స్ట్రాండ్ వీధిలో బొమ్మల పుస్తకాలు ప్రచురించే వ్యాపారి. బ్రిటిష్ నౌకాదళ సేనాని నెల్సన్ అంత్యక్రియల బండిని రూపొందించింది ఆయనే. ఇంజనీరింగ్ పుస్తకాల్లో ఈ అమరికకు ఆకర్‌మన్ పేరే నిలిచిపోయింది. నాకు ఇది అన్యాయంగానే తోస్తుంది. తలపోసినవాడు డార్విన్, చేసి చూపినవాడు లాంకెన్‌స్పెర్గర్, పేరు మాత్రం ఏజెంటుది.

అయినా లండన్ బండి తయారీదారులు దాన్ని ఆదరించలేదు. వాళ్లను పూర్తిగా తప్పుపట్టలేం. గుర్రం లాగే బండికి పాత ఇరుసే చాలా విషయాల్లో నయం: కీళ్లు తక్కువ, ఇరుకు చోట దాదాపు ఉన్నచోటే తిప్పొచ్చు. వాళ్ల మనసు దోచింది ఇంకొకటి. 1804లో ఒబడయా ఎలియట్ కనిపెట్టిన, లారీ కమాన్ కట్టల్లాంటి పట్టీల స్ప్రింగు. దానితో బండి కింద పొడవునా ఉండే బరువైన దూలం అక్కర్లేకుండా పోయింది, బండ్లు తేలికయ్యాయి, కిందికి దిగాయి. ఆ కథ వేరే చెప్పుకోవాలి.

గుర్రం పోయి ఇంజను వచ్చాక లెక్క తారుమారైంది. పాత పద్ధతిలో ఒక చక్రం రాయికి తగిలితే, ఆ దెబ్బ మధ్య శీలకు 70 సెంటీమీటర్ల దూరంలో పడి ఇరుసు మొత్తాన్ని విసురుగా తిప్పేస్తుంది. బారుగా సాగిన నొగను పట్టి ఉన్న గుర్రాల బలం దాన్ని ఆపగలదు. స్టీరింగ్ పట్టుకున్న మనిషి చేతులు ఆపలేవు. పొట్టి ఇరుసు ముక్కలైతే ఆ దూరం పది సెంటీమీటర్లు, దెబ్బ ఏడో వంతు. ఫ్రాన్స్‌లో అమెదే బొల్లే 1873లో చేసిన ఆవిరి బండి లోబెయిసాంత్‌లో ముందు చక్రాలు విడివిడిగా మళ్లేవి. 1878లో షార్ల్ జాంతో అనే పారిస్ బండి తయారీదారు, చేతుల గీతలు వెనుక ఇరుసు మధ్యలో కలిసేలా వాల్చాలన్నాడు. మన అట్టబొమ్మలో పట్టీకి 12.4 అంకె వచ్చింది ఆ సూత్రంతోనే. కార్ల్ బెంజ్‌కు మాత్రం ఇది వెంటనే దొరకలేదు. 1886 నాటి ఆయన మోటారు బండికి మూడే చక్రాలు, మన ఆటోలాగా. ఈ స్టీరింగుకు 1893లో పేటెంట్ తీసుకున్నాకే ఆయన నాలుగు చక్రాల బండి చేశాడు. తర్వాత వచ్చిన కార్లు, బస్సులు, లారీలు దాదాపు అన్నీ ఆ బాటే పట్టాయి.

పాత ఇరుసు చచ్చిపోలేదు. ఊళ్లో చెరుకు మోసే నాలుగు చక్రాల ట్రక్కు ముందు భాగం కిందికి వంగి చూడండి: అదే నొగ, అదే గుండ్రటి పళ్లెం, నడిమధ్యన అదే శీల. గుర్రాల చోట ట్రాక్టరు, అంతే. లాగినంతసేపు బుద్ధిగా వెంట వస్తుంది. రివర్స్ చేయాలంటే ఆ నొగ ఎటు మడుచుకుంటుందో తెలియక డ్రైవరు చెమటలు కక్కుతాడు.