డబ్బిచ్చే గోడ

లండన్ ఉత్తర శివారు ఎన్‌ఫీల్డ్‌లో 1967 జూన్ 27న బార్క్లేస్ బ్యాంకు గోడలోని ఒక యంత్రం రెజ్ వార్నీ అనే టీవీ హాస్యనటుడి చేతికి నోట్లు అందించింది. అప్పటికింకా కార్డు లేదు. బ్యాంకులో ముందుగా తెచ్చుకున్న కాగితం చెక్కును సొరుగులో పెడితే పది పౌన్లు వచ్చేవి. యంత్రం గుర్తుపట్టడానికి ఆ చెక్కులో రవ్వంత రేడియోధార్మిక కార్బన్-14 కలిపారు. ఒంటికి చెరుపు చెయ్యాలంటే అలాంటి చెక్కులు లక్షా 36 వేలు తినాలని, ఆ యంత్రాన్ని రూపొందించిన జాన్ షెపర్డ్-బారన్ లెక్కగట్టి చెప్పాడు.

ఈయన 1925లో మన షిల్లాంగ్‌లో పుట్టినవాడు. ఓ శనివారం నిమిషం ఆలస్యంగా వెళ్లేసరికి బ్యాంకు మూసేశారట. చాక్లెట్లిచ్చే యంత్రం ఉన్నప్పుడు డబ్బిచ్చేది ఎందుకుండకూడదని స్నానం చేస్తుండగా తట్టిందని ఆయనే చెప్పుకున్నాడు. రహస్య సంఖ్యకు ఆరంకెలు పెడదామనుకుంటే, వంటింట్లో ఆయన భార్య కరోలిన్ తనకు నాలుగుకు మించి గుర్తుండవంది. అలా నాలుగంకెలు ఖాయమయ్యాయి. ఈ వయసులో ఆ ఇల్లాలికి నేను మనసారా దణ్ణం పెడతాను. అయితే ప్లాస్టిక్ కార్డు, దానికో రహస్య సంఖ్య అన్న ఏర్పాటుకు 1966లోనే పేటెంటు దరఖాస్తు పెట్టిన స్కాట్లాండ్ ఇంజనీరు జేమ్స్ గుడ్‌ఫెలోను మరిచిపోకూడదు.

వీళ్లకన్నా ముందు, 1960 దశకం మొదట్లో, న్యూయార్క్‌లో లూథర్ సిమ్జియన్ అనే ఆయన డబ్బు జమ చేసుకునే యంత్రం పెట్టించాడు. కొద్ది నెలలకే తీసేశారు. దాన్ని వాడినవాళ్లు ఎక్కువగా జూదగాళ్లు, ఒళ్లమ్ముకుని బతికే ఆడవాళ్లేనని ఆయన చెప్పాడు. క్యాషియరుకు ఎదురుపడటం ఇష్టంలేని మనుషులన్నమాట. ఇది చదివాక నేను చాలాసేపు ఆలోచించాను. కౌంటరు దగ్గర పలకరింపు నాకు తీపి జ్ఞాపకమే కావచ్చు. ఆ చూపులకు భయపడి తలవంచుకున్నవాళ్లూ ఉన్నారు. వాళ్లకు ఈ యంత్రం ఒక గౌరవం ఇచ్చింది.

నాకు మాత్రం ఆ పలకరింపు ఇష్టం. ఫారం నింపి ఇస్తే గుండ్రటి ఇత్తడి టోకెను చేతిలో పెట్టేవారు. నంబరు పిలిచేదాకా బల్లమీద కూర్చుంటే పక్కవాడి కూతురి పెళ్లి సంగతులు, ఊళ్లో వానల సంగతులు అన్నీ తెలిసేవి. క్యాషియరు తడి స్పాంజిమీద వేలు అద్ది, కట్ట మూల వంచి, పెదాలు కదుపుతూ లెక్కపెట్టేవాడు. చివరి నోటు దగ్గర తలెత్తి, "అమ్మగారికి ఒంట్లో ఎలా ఉందండీ?" అనేవాడు.

యంత్రం లెక్కపెట్టే తీరు వేరు. లోపల కేసెట్లనే పెట్టెలుంటాయి, ఒక్కోదాంట్లో ఒక్కో రకం నోట్లు. రబ్బరు చక్రాలో, గాలిని పీల్చే గొట్టాలో ఒక్కో నోటును లాగుతాయి. దారిలో సెన్సరు దాని మందం చూస్తుంది. రెండు అతుక్కున్నాయన్న అనుమానం వస్తే వేరే డబ్బాలోకి తోసేస్తుంది. డబ్బు రాకముందు మనం వినే గరగర ఇదే. డబ్బు మాత్రమే ఇచ్చే మామూలు ఏటీఎంకు అది అయిదువందల నోటో వందదో తెలియదు. ఆ పెట్టెలో ఏం పెట్టారని చెప్పారో అదే దాని నమ్మకం. మన మతిమరుపును మాత్రం బాగా అర్థం చేసుకుంది. డబ్బు ముందొస్తే జనం కార్డు వదిలేసి పోతున్నారని, కార్డు తీసుకున్నాకే డబ్బిచ్చే పద్ధతి పెట్టారు.

మన దేశంలో 1987లో ముంబైలో హెచ్‌ఎస్‌బీసీ తొలి ఏటీఎం పెట్టింది. ఏ బ్యాంకు కార్డయినా మరో బ్యాంకు యంత్రంలో పనిచేసేలా కలిపిన నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్‌ను 2004లో ప్రారంభించింది హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ ఐడీఆర్‌బీటీ. ఎక్కడో కాశీలో కూడా మన పెన్షను చేతికందుతోందంటే అందులో హైదరాబాదు చలవ ఉంది.

ఏటీఎంలొస్తే క్యాషియర్ల కొలువులు పోతాయన్నారు. అమెరికాలో ఆర్థికవేత్త జేమ్స్ బెస్సెన్ లెక్కతీస్తే, పట్టణాల్లో ఒక్కో శాఖకు ఇరవైమంది ఉన్నచోట పదమూడుమంది అయ్యారు. కానీ ఖర్చు తగ్గడంతో బ్యాంకులు శాఖలు పెంచాయి, మొత్తం కొలువులు అప్పట్లో తగ్గలేదు. నోట్లు లెక్కపెట్టే మనిషి ఖాతాదారుతో మాట్లాడే మనిషయ్యాడు.

మా వీధి ఏటీఎం దగ్గరా మాటలు ఆగలేదు. పెన్షను పడిన రోజు నాబోటివాళ్లం అక్కడే చేరతాం. "ఏ బటన్ నొక్కాలి బాబూ?" అని ఒకరు అడుగుతారు, కాలేజీ కుర్రాడెవరో నేర్పిస్తాడు. నంబరు నొక్కే వేళకు చెప్పకుండానే మొహం అటు తిప్పుకుంటాడు. తర్వాత "ఏ ఊరు మీది, తాతగారూ?" అంటాడు. చెబితే వాళ్ల అమ్మమ్మది పక్క ఊరేనంటాడు.