బడి బస్సులో కాపురం



మొన్న రాత్రి మన కేంద్రంలో పాఠం అయిపోయింది. అందరూ పలకలు సర్దుకుంటున్నారు. అప్పుడు ఒక అక్క కూతురు తన ఫోనులో ఒక బొమ్మ చూపించింది. పెద్ద బస్సు. కిటికీలకు పరదాలు కట్టి ఉన్నాయి. లోపల పొయ్యి, మంచం, గిన్నెలు కడిగే తొట్టి. మంచం మీద ఇద్దరు పిల్లలు కూర్చుని చదువుకుంటున్నారు.

"ఇదేం ఇల్లు తల్లీ! చక్రాల ఇల్లా?" అని అందరూ నవ్వారు. నవ్వు ఆగాక ప్రశ్నలు మొదలయ్యాయి.

"స్నానం ఎక్కడ చేస్తారు?"

"దొడ్డికి ఎక్కడికి పోతారు?"

"పొయ్యి వెలిగిస్తే బస్సు అంటుకోదా టీచరమ్మా?"

ఆ రాత్రి కొన్నిటికే జవాబు చెప్పగలిగాను. మిగతావి తెలుసుకుని ఇప్పుడు రాస్తున్నాను. నేను చదివి వినిపించను. మీరే చదువుకోండి.

ఆ బస్సు ఎక్కడిది?

అది అమెరికా దేశపు బస్సు. అక్కడ పిల్లల్ని బడికి తీసుకుపోయే బస్సులు లక్షల్లో ఉన్నాయి. అన్నిటిదీ ఒకటే రంగు. మాగిన మామిడిపండు రంగు. 1939లో న్యూయార్కు నగరంలో ఒక సమావేశం జరిగింది. ఫ్రాంక్ సైర్ అనే ప్రొఫెసరు దాన్ని పిలిపించాడు. బడి బస్సులకు ఈ రంగు ఉండాలని అక్కడే అనుకున్నారు. ఎందుకో తెలుసా? ఆ రంగు మీద నల్ల అక్షరాలు రాస్తే, తెల్లవారుజామున మసక వెలుగులో కూడా బాగా కనబడతాయి. నల్లబల్ల మీద తెల్ల సుద్దతో రాస్తాం గదా! అదీ ఇలాంటిదే.

చాలా చోట్ల పన్నెండు, పదిహేనేళ్లు తిరిగాక ఈ బస్సుల్ని వేలం వేస్తారు. అప్పటికి ఇంజను ఇంకా నడిచే స్థితిలోనే ఉంటుంది. అలాంటి బస్సును కొని కొందరు ఇల్లుగా మార్చుకుంటారు.

ఎందుకు మార్చుకుంటారు? కొందరికి ఊళ్లు తిరగాలని సరదా. 1964లో కెన్ కేసీ అనే రచయిత ఇలాంటి పాత బడి బస్సులో, స్నేహితులతో కలిసి కాలిఫోర్నియా నుంచి న్యూయార్కు దాకా వెళ్లాడు. కొందరికి మాత్రం అది సరదా కాదు, అవసరం. అక్కడ ఇళ్ల అద్దెలు ఎక్కువ. 2008 ప్రాంతంలో ఇంటి అప్పులు కట్టలేక లక్షల కుటుంబాలు ఇళ్లు పోగొట్టుకున్నాయి. అద్దె కట్టలేని వాళ్లకు పాత బస్సు కూడా ఒక గూడే.

ముందు బడి గుర్తులు తీసెయ్యాలి

బడి బస్సు పక్కన ఎర్రని "ఆగు" పలక ఉంటుంది. ఎర్ర దీపాలు ఉంటాయి. పిల్లలు ఎక్కేటప్పుడూ, దిగేటప్పుడూ ఆ పలక బయటికి తెరుచుకుంటుంది. దీపాలు వెలిగి ఆరుతూ ఉంటాయి. అప్పుడు వెనక వచ్చే బండ్లు ఆగాలి. అది అక్కడి చట్టం.

ఇప్పుడు ఆ బస్సులో బడి పిల్లలు లేరు. గుర్తులు అలాగే ఉంటే దారిన పోయేవాళ్లు మోసపోతారు. అందుకే పలక తీసెయ్యాలి. ఎర్ర దీపాలు తీసెయ్యాలి. "స్కూల్ బస్" అనే అక్షరాలు చెరిపెయ్యాలి. చాలా రాష్ట్రాల్లో రంగు కూడా మార్చాల్సిందే.

తుప్పు, చెమ్మ

తర్వాత సీట్లు తియ్యాలి. పెద్ద బస్సులో డెబ్బై మందికి పైగా పిల్లలు కూర్చుంటారు. ఆ సీట్లన్నీ బోల్టులతో బిగించి ఉంటాయి. ఏళ్ల తరబడి తడి బూట్లతో పిల్లలు నడిచి ఉంటారు. బోల్టులు తుప్పు పట్టి కదలవు. చాలాసార్లు వాటిని మిషనుతో కొయ్యాల్సి వస్తుంది.

సీట్లు తీశాక రబ్బరు పట్టా, దాని కింద ప్లైవుడ్ చెక్క కనబడతాయి. అవి కూడా లేపాలి. కింద ఇనుప రేకు ఉంటుంది. అసలు సంగతి అక్కడ తెలుస్తుంది. తుప్పును గీకి, రంగు వేసి, బోల్టుల చిల్లులు పూడ్చాలి. తుప్పు మీద కొత్త చెక్క వేస్తే పైకి బాగుంటుంది. కింద రేకు తినేస్తూనే ఉంటుంది.

ఇంకో సంగతి. బస్సు ఇనుముతో చేసింది. ఎండకు కాలుతుంది. చలికి మంచుగడ్డ అవుతుంది. చలి రాత్రి నలుగురు లోపల పడుకుంటే, వాళ్ల ఊపిరిలోని తడి చల్లని రేకుకు తగిలి నీటిబొట్లు అవుతుంది. అన్నం గిన్నె మూత లోపల నీళ్లు పడతాయి చూశారా? అలాగే. ఆ నీళ్లు కారి కారి పరుపు తడుస్తుంది. బూజు పడుతుంది. పిల్లలకు దగ్గు వస్తుంది. అందుకే గోడల్లోని ఇనుప కమ్మీల మధ్య నురుగు పలకలు పెడతారు. థర్మోకోల్ చూశారు గదా! ఆ జాతివే. వాటి మీద చెక్క కొడతారు. పైకప్పులో గాలి పోయే పంకా కూడా పెడతారు.

ఇల్లు ఎంత?

పెద్ద బస్సు లోపల వెడల్పు ఏడున్నర అడుగులు. డ్రైవరు చోటు వదిలేస్తే కాపురానికి దొరికే పొడవు 30 అడుగులు అనుకుందాం. ఏడున్నరను 30తో గుణిస్తే 225 చదరపు అడుగులు. 9 చదరపు అడుగులు ఒక గజం. అంటే 25 గజాలు. అంతే ఇల్లు. కొందరైతే పైకప్పు కోసి, కమ్మీలు అతికి, ఎత్తు పెంచుకుంటారు.

మరునాడు కేంద్రం ముందు ముగ్గుపిండితో ఆ కొలత గీశాం. అందులో నిలబడి చూశాం. ఇక్కడ పొయ్యి, ఇక్కడ బల్ల, ఇక్కడ స్నానాల గది, చివర పిల్లలకు ఒకదాని మీద ఒకటి మంచాలు. ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు ఒదగాలి. ఒక పెద్దమ్మ అంది: "మా ఇల్లూ ఇంతే గదే! చక్రాలు లేవంతే." బస్సు కొన్నవాళ్లు కూడా ఇలాగే ముందు నేల మీద గీతలు గీసి చూసుకుంటారు. చెక్క కోశాక దిద్దుకోవడం కష్టం.

నీళ్లు మొయ్యాలి, మళ్లీ పారబొయ్యాలి

మంచినీళ్లకు ఒక ట్యాంకు ఉంటుంది. లీటరు నీళ్ల బరువు ఒక కిలో. 300 లీటర్ల ట్యాంకు నిండితే 300 కిలోలు. అంటే 3 క్వింటాళ్లు. 15 లీటర్ల బిందెలతో లెక్కేస్తే 20 బిందెలు. ఆ నీళ్లలోనే నలుగురికి వంట, తాగుడు, స్నానం. నీళ్ల విలువ మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

వాడిన నీళ్లు రోడ్డు మీద వదలకూడదు. వాటికి ఇంకో ట్యాంకు. దొడ్డి మురికికి వేరే ట్యాంకు. ఈ మురికి పారబొయ్యడానికి అక్కడ ప్రత్యేకంగా చోట్లు ఉంటాయి. కొందరు నీళ్లు అక్కర్లేని మరుగుదొడ్డి పెట్టుకుంటారు. అందులో మూత్రం ఒక వైపు, మలం ఒక వైపు పడతాయి. మలం పడే వైపు కొబ్బరి పొట్టు వేస్తారు. కోనసీమలో పీచు తీశాక మిగిలే పొట్టు లాంటిదే. అది తడిని పీల్చుకుంటుంది. వాసన తగ్గుతుంది.

కనబడని విషం

ఇప్పుడు పొయ్యి సంగతి. ఇది జాగ్రత్తగా చదవండి. ఇది మనకూ పనికొస్తుంది.

వంటగ్యాసు గాలి కన్నా బరువు. కారితే పైకి పోదు. నేల మీద పరుచుకుని ఉంటుంది. చిన్న నిప్పురవ్వ చాలు. అందుకే బస్సు ఇంట్లో గ్యాసు బండను మనుషులు పడుకునే చోట పెట్టరు. బయటికి తెరుచుకునే పెట్టెలో పెడతారు. ఆ పెట్టె అడుగున గాలి పోయే చిల్లులు ఉండాలి. గ్యాసును పసిగట్టి మోగే గంటను కూడా నేలకు దగ్గరగా బిగిస్తారు.

ఇంకో విషం ఉంది. దాని పేరు కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు. వాసన లేదు. గాలి చాలని చోట ఏది మండినా అది పుడుతుంది. పొయ్యి కావచ్చు, ఇంజను కావచ్చు. నిద్రలో పీలిస్తే మళ్లీ లేవకపోవచ్చు. దీన్ని పసిగట్టడానికి వేరే గంట ఉంటుంది. అది లేకుండా బస్సులో పడుకోవడం ప్రాణంతో ఆట.

మనం చలికాలంలో బొగ్గుల కుంపటి లోపల పెట్టుకుని తలుపులు మూస్తాం. బాలింత గదిలో కూడా పెడతాం. అక్కడా ఇదే విషం పుడుతుంది. కుంపటి లోపల పెట్టుకుని పడుకోవద్దు. ఈ ఒక్క మాట మీ ఇంట్లో అందరికీ చెప్పండి.

బండి కదిలితే

ఇల్లు నిలబడి ఉన్నప్పుడు ఒక ఎత్తు. నడిచేటప్పుడు ఒక ఎత్తు.

బడి బస్సుల్లో పిల్లలు చాలా చోట్ల బెల్టు లేకుండానే కూర్చుంటారు. మరి దెబ్బలు తగలవా? ఆ సీట్ల వీపులు ఎత్తుగా, మెత్తగా, దగ్గర దగ్గరగా ఉంటాయి. బస్సు గుద్దుకుంటే పిల్ల ముందు సీటు మెత్తకు తగిలి ఆగుతుంది. 1977 నుంచి అక్కడి చట్టం ఇలాంటి సీట్లే ఉండాలంది. ఇల్లుగా మార్చేటప్పుడు ఆ సీట్లు తీసేశాం. అంటే ఆ రక్షణ కూడా తీసేశాం. అందుకే ప్రతి మనిషికీ బెల్టు ఉన్న సీటు కావాలి. అది చెక్క నేలకు కాదు, ఇనుప చట్రానికే బిగించాలి. బండి కదులుతుంటే పిల్లలు మంచం మీద ఉండకూడదు.

బస్సు వెనక ప్రమాదం కోసం ఒక తలుపు ఉంటుంది. చాలామంది చోటు చాలక దానికి అడ్డంగా మంచం వేస్తారు. ముందు పొయ్యి అంటుకుంటే వెనక పడుకున్న పిల్లలు ఎటు పోవాలి? ఆ దారి మూయకూడదు.

బరువు కూడా చూసుకోవాలి. డ్రైవరు దగ్గర ఒక రేకు పలక ఉంటుంది. బండి మొత్తం బరువు ఎంత దాటకూడదో దాని మీద అంకెల్లో రాసి ఉంటుంది. ఇల్లు కట్టాక కాటా మీద బండిని తూయిస్తారు. బరువు రెండు వైపులా సమానంగా ఉండాలి. నీళ్ల ట్యాంకు కింద, ఇరుసుకు దగ్గరగా ఉండాలి. కావడి మోసేవాళ్లకు ఈ లెక్క తెలుసు.

ఎవరి పేరున?

ఇదంతా ఆ ముగ్గులో నిలబడి మాట్లాడుకుంటున్నాం. ఎప్పుడూ పెద్దగా మాట్లాడని అక్క ఒకామె నెమ్మదిగా అడిగింది.

"ఆ బస్సు ఎవరి పేరున ఉంటుంది? ఆయన రాత్రికి రాత్రి తోలుకుపోయి అమ్మేస్తే?"

ఎవరూ నవ్వలేదు. ఆమె ఇల్లు ఎలా పోయిందో మాకందరికీ తెలుసు.

అక్కా, నీ ప్రశ్నకు జవాబు ఇది. అమెరికాలో బండికి హక్కు కాగితం ఉంటుంది. మార్పులు అయ్యాక ఆ కాగితంలో "బస్సు" అని కాకుండా "ఇల్లు బండి" అని మార్పించుకోవాలి. ఇన్సూరెన్సు వాళ్లు దాన్నే చూస్తారు. ఆ కాగితంలో భార్యాభర్తలిద్దరి పేర్లూ రాయించుకోవచ్చు. రెండు పేర్ల మధ్య ఒక చిన్న మాట ఉంటుంది. "అండ్" అని ఉంటే, అంటే "మరియు" అని ఉంటే, చాలా రాష్ట్రాల్లో ఇద్దరూ సంతకం పెడితేనే అమ్మగలరు. "ఆర్" అని ఉంటే, అంటే "లేదా" అని ఉంటే, ఒక్కరి సంతకం చాలు. రెండోవాళ్లకు తెలియకుండానే ఇల్లు పోవచ్చు.

చూశారా! చెక్క, ఇనుము, పొయ్యి, పరుపు అన్నీ ఒక ఎత్తు. ఆ ఒక్క చిన్న మాట ఒక ఎత్తు. చదవడం రానివాళ్లకు ఆ రెండు కాగితాలూ ఒకేలా కనబడతాయి.

మనకు బస్సు ఇళ్లు లేవు. కానీ కాగితాలు ఉన్నాయి. ప్రభుత్వం ఇచ్చిన ఇళ్ల పట్టాలు చాలామందికి ఆడవాళ్ల పేరునే ఇచ్చారు. మీ పట్టా ఎక్కడుంది? అందులో ఏం రాసి ఉంది? ట్రంకు పెట్టెలోంచి తియ్యండి. వేలు పెట్టి ఒక్కొక్క మాటా చదవండి. రేపు కేంద్రానికి వచ్చి, మీ కాగితంలో ఎవరి పేరు ఉందో చెప్పండి.

ఆలోచించండి, మాట్లాడండి

1. బడి బస్సుకు ఆ రంగు ఎందుకు వేశారు?

2. 450 లీటర్ల ట్యాంకు నిండితే ఎన్ని కిలోలు? 15 లీటర్ల బిందెలు ఎన్ని?

3. మూసిన గదిలో కుంపటి పెట్టుకుని ఎందుకు పడుకోకూడదు?

4. "మరియు", "లేదా" ఈ రెండు మాటలూ పలక మీద రాయండి. మీ ఇంటి కాగితంలో ఏది ఉంటే మీకు మేలు? ఎందుకు?